మ్యాథమెటికల్ అసోసియేషన్ వార్షిక సమావేశం

బ్రిటన్‌లో గణితోపాధ్యాయులు ఏటా జరుపుకొనే సభ ఇది. 1871లో లండన్‌లో ఆరంభమైంది. ఒకే పాఠ్యవిషయాన్ని బోధించేవారు తమకోసం తాము పెట్టుకున్న తొలితరం సంఘాల్లో ఈ సభను నిర్వహించే సంఘం ఒకటి. మొదట దీని పేరు ‘జ్యామితి బోధనాభివృద్ధి సంఘం’. 1897 నుంచి మ్యాథమెటికల్ అసోసియేషన్ అయింది.

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన ‘ఎలిమెంట్స్’ గ్రంథం అరబ్బీ, లాటిన్ భాషల మీదుగా 1570లో ఇంగ్లీషులోకి వచ్చింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు బడి పిల్లలకు జ్యామితి అంటే ఆ గ్రంథమే. ఐజాక్ టాడ్‌హంటర్ 1862లో వెలువరించిన ప్రతి విస్తారంగా వాడుకలో ఉండేది. సిద్ధాంతాలను యూక్లిడ్ ఇచ్చిన వరుసలోనే, ఆయన చెప్పిన పద్ధతిలోనే రాయాలని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పరీక్షకులు పట్టుబట్టేవారు. దాంతో అర్థం తెలియకుండా, పటంలోని అక్షరాలతో సహా కంఠస్థం చేయడమే చదువైపోయింది.

ఈ నియమం ఎంత కఠినమో చెప్పడానికి మొదటి భాగంలోని ఐదో ప్రతిపాదన ఒక్కటి చాలు. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని అది చెబుతుంది. శీర్షకోణానికి సమద్విఖండన రేఖ గీస్తే త్రిభుజం రెండు సర్వసమాన త్రిభుజాలుగా విడిపోతుంది, నిరూపణ మూడు నాలుగు పంక్తుల్లో ముగుస్తుంది. కాని కోణాన్ని సమద్విఖండన చేసే పద్ధతి యూక్లిడ్‌లో తొమ్మిదో ప్రతిపాదన. దానికి ఎనిమిదోది ఆధారం, ఎనిమిదోదానికి ఏడోది, ఏడోదానికి మళ్లీ ఈ ఐదోదే ఆధారం. అందువల్ల యూక్లిడ్ సమాన భుజాలను కిందికి పొడిగించి, వాటి మీద సమాన దూరాల్లో బిందువులు తీసుకుని, రెండు జతల త్రిభుజాలను పోల్చి చుట్టుదారిన రుజువు చేశాడు. తర్కం దృష్ట్యా ఆ నిర్మాణం అపురూపమైనదే. పన్నెండేళ్ల పిల్లవాడికి మాత్రం అది పెద్ద అడ్డుగోడ. ‘గాడిదల వంతెన’ అని దానికి ఎప్పటినుంచో పేరు. సులువైన నిరూపణ రాసినవాడు వరుస తప్పినవాడి కింద లెక్క.

1868లో రగ్బీ పాఠశాల ఉపాధ్యాయుడు జె. ఎం. విల్సన్ యూక్లిడ్‌ను పక్కనపెట్టి జ్యామితి పాఠ్యపుస్తకం రాశాడు. మరుసటి ఏడు ఎక్సిటర్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ప్రసిద్ధ గణితవేత్త జె. జె. సిల్వెస్టర్ యూక్లిడ్‌ను బడి నుంచి గౌరవంగా సాగనంపాలని వాదించాడు. బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్స్ స్కూల్ ఉపాధ్యాయుడు రాడన్ లెవెట్ 1870లో ‘నేచర్’ పత్రికకు లేఖ రాసి, యూక్లిడ్ వ్యతిరేక సంఘం ఒకటి పెడదామని తోటివారిని పిలిచాడు. లెవెట్ పేరుమోసిన పరిశోధకుడు కాడు, బడి పంతులు. ఈ చరిత్రలో మొదటి గౌరవం ఆయనకే దక్కాలి. ఆ పిలుపు అందుకున్నవారు 1871 జనవరి 17న లండన్ యూనివర్సిటీ కాలేజీలో సమావేశమై సంఘాన్ని స్థాపించారు. రేఖాగణితవేత్త థామస్ ఆర్చర్ హిర్స్ట్ తొలి అధ్యక్షుడు.

తొలి దశాబ్దాల సభల్లో చర్చంతా పాఠ్యప్రణాళిక మీదే నడిచింది. 1875లో సమతల జ్యామితికి సంఘం ఒక ప్రణాళికను అచ్చువేసింది. దాని ప్రకారం రాసిన పాఠ్యపుస్తకం 1880ల మధ్యలో వెలువడింది. ప్రతిఘటన కూడా గట్టిగానే ఎదురైంది. లూయిస్ కరోల్ పేరుతో ‘ఆలిస్’ కథలు రాసిన ఆక్స్‌ఫర్డ్ గణితాధ్యాపకుడు చార్లెస్ డాడ్జ్‌సన్ 1879లో యూక్లిడ్ పక్షాన నాటక రూపంలో ఒక పుస్తకమే రాసి, సంఘం ప్రణాళికను కూడా అందులో విచారణకు నిలబెట్టాడు. 1880ల చివర కేంబ్రిడ్జి కొంత దిగివచ్చింది: వేరే నిరూపణలు రాయవచ్చు, వరుస మాత్రం తప్పరాదు. పైన చెప్పిన పిల్లవాడికి దీనివల్ల ఒరిగింది తక్కువ.

1894లో సంఘం ‘మ్యాథమెటికల్ గెజెట్’ పత్రికను ప్రారంభించింది. బెడ్‌ఫర్డ్ ఉపాధ్యాయుడు ఇ. ఎం. లాంగ్లీ తొలి సంపాదకుడు. 1901లో గ్లాస్గోలో ఇంజనీరు జాన్ పెర్రీ చేసిన ప్రసంగం మరో కుదుపు. టోక్యోలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి వచ్చిన పెర్రీ కొలవడం, తూచడం, గ్రాఫు కాగితం మీద గీయడం గణితంలో భాగం కావాలన్నాడు. 1902లో సంఘం బోధన కమిటీని వేసింది. 1903లో కేంబ్రిడ్జి నియమం మారి, పద్ధతి ప్రకారం సాగిన నిరూపణ ఏదైనా చెల్లుబాటైంది. ఆ ఏడే గాడ్‌ఫ్రీ, సిడన్స్ రాసిన కొత్త జ్యామితి పుస్తకం బడుల్లోకి వెళ్లింది. లెవెట్ లేఖకు ఫలితం రావడానికి 33 ఏళ్లు పట్టింది.

తర్వాతి కాలంలో సమావేశానికి ప్రధాన ఆకర్షణ అధ్యక్షోపన్యాసం. ఎ. ఎన్. వైట్‌హెడ్ 1916లో విద్యా లక్ష్యాల గురించి చేసిన ప్రసంగాన్ని విద్యాశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. జి. హెచ్. హార్డీ 1926లో తాను చదివిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ట్రైపాస్ గణిత పరీక్షనే రద్దు చేయాలని ధైర్యంగా వాదించాడు. ఆర్థర్ ఎడింగ్టన్ 1931 జనవరిలో విశ్వాంతం గురించి మాట్లాడుతూ, విశ్వానికి హఠాత్తుగా ఒక ఆరంభం ఉందనే భావన తనకు రుచించదన్నాడు. ఆ ప్రసంగం ‘నేచర్’లో అచ్చయ్యాక దానికి జవాబుగా జార్జ్ లెమేత్ర్ రాసిన చిన్న లేఖ మే నెలలో అదే పత్రికలో వచ్చింది. నేటి మహావిస్ఫోట సిద్ధాంతానికి మూలాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. బడి పంతుళ్ల సభలో రేగిన ప్రశ్న అంత దూరం వెళ్లింది. 1951లో మేరీ కార్ట్‌రైట్ ఈ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయింది.

శ్రీనివాస రామానుజన్‌తో పనిచేసిన హార్డీ, 1914లో మద్రాసు వచ్చి ఆయన్ను కేంబ్రిడ్జికి ఒప్పించిన ఇ. హెచ్. నెవిల్, ఆయన నోటుపుస్తకాల మీద ఏళ్ల తరబడి శ్రమించిన జి. ఎన్. వాట్సన్ ముగ్గురూ ఈ సంఘ అధ్యక్షులే. నెవిల్ 30 ఏళ్లు సంఘ గ్రంథాలయాన్ని కూడా చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆధునిక గణితం, కాలిక్యులేటర్లు, జాతీయ పాఠ్యప్రణాళిక సభల్లో చర్చకు వచ్చాయి. తొలినాళ్లలో జనవరిలో జరిగిన సమావేశం తరువాత ఈస్టర్ సెలవులకు మారి, వేర్వేరు పట్టణాల్లో జరుగుతోంది. ఇటీవల ఇతర గణితోపాధ్యాయ సంఘాలతో కలిపి కూడా జరిపారు.

మన దేశంలో ఇటువంటి ప్రయత్నానికి తెలుగు నేలతో సంబంధముంది. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1906 డిసెంబరు 25న మిత్రులకు లేఖలు రాసి గణితాభిమానులను కూడగట్టాడు. 1907లో ఏర్పడిన ఆ సంఘమే నేటి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. దాని తొలి మహాసభ 1916లో మద్రాసులో జరిగింది. బడి ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకించిన భారత గణితోపాధ్యాయుల సంఘం 1965లో అదే నగరంలో ఏర్పడింది.

మ్యాథమెటికల్ అసోసియేషన్ ప్రధాన కార్యాలయం చాలాకాలం లెస్టర్‌లో ఉండేది. దాని గ్రంథాలయాన్ని లెస్టర్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు.