అటకపై దొరికిన ఇనుప పనిముట్టు: గంటం గుర్తింపు - ఒక పరిశీలన

కీలక పదాలు: గంటం, తాటాకు, కవిలె, కరణం, వృత్తి పదజాలం.

ఉపోద్ఘాతం:

ఈ వ్యాసకర్త పూర్వుల పెంకుటింటిని బాగుచేయిస్తున్న సందర్భంలో, అటకపై ఉన్న చెక్కపెట్టెలో ఒక ఇనుప వస్తువు బయటపడింది. పనివారు దాన్ని పాత ఇనుము కుప్పలో వేశారు. వడ్రంగి దాన్ని చెక్కపై గీతలు గీసే పనిముట్టు అన్నాడు. ఇంటి పెద్దావిడ గోనెసంచులు కుట్టే దబ్బనం అన్నారు. మరొకరు చెప్పులు కుట్టే ఆరె అన్నారు. కొన్ని తరాల కిందట ఆ ఇంట్లోనే వాడిన పనిముట్టును ఆ ఇంటివారే గుర్తించలేకపోయారు. అది ఏమిటో, ఎవరిదై ఉంటుందో ఆధారాలతో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వస్తు స్వరూపం:

దీని పొడవు జానెడు. ఒక కొన సన్నగా సాగి, చివర నున్నగా, గుండ్రంగా నూరి ఉంది. రెండో కొన చదునై చిన్న కత్తి ఆకారంలో ఉంది. నడిమిభాగం కొంత దళసరిగా ఉండి, వేళ్ల పట్టుకోసం గాట్లు కనిపిస్తున్నాయి. చెక్కపిడి లేదు, పిడిలో దిగిన గుర్తు కూడా లేదు.

పోలికలు - పరీక్ష:

దబ్బనానికి దారం దూర్చే బెజ్జం ఉండాలి. ఇందులో అది లేదు. ఆరెను తోలులోకి బలంగా దించాలి కనుక అరచేతికి ఆనే పిడి అవసరం. ఇందులో అదీ లేదు. మొన, కత్తి రెండూ ఉన్నందువల్ల వడ్రంగి చెప్పిన మాట ఆలోచించదగినదే. అయితే చెక్కపై గీత పడాలంటే మొన వాడిగా ఉండాలి. ఈ మొన చెక్కపై జారిపోయింది.

ఎండిన తాటాకు ముక్కపై దానితో ఒత్తి గీసినప్పుడు మాత్రం ఆకు చిరగకుండా సన్నని చాలు పడింది. దీపపు మసిని నూనెలో కలిపి ఆ చాలుపై రుద్ది తుడిచినప్పుడు, పైనున్న మసి పోయి చాలులోని నలుపు నిలిచింది. తాళపత్ర లేఖనంలో అనుసరించిన పద్ధతి ఇదే. మొన గుండ్రంగా ఉండటానికి కారణం ఇక్కడ తెలుస్తుంది: అది ఆకును గీరాలి, పొడవకూడదు. రెండో కొనలోని కత్తి ఆకు అంచులను సరిచేయడానికి పనికివస్తుంది. కనుక ఈ వస్తువు గంటం.

పద సాక్ష్యం:

గంటం అనే పదం 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో ఉంది. నేటి సాహిత్యభాషలోనూ ‘గంటం పట్టడం’ అంటే రచనకు పూనుకోవడమే. అంటే పదం బతికింది, వస్తువు మరుగైంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశ సంపుటాలను వెలువరించారు. ఆ పని చేసేవారి నోటినుండే పదాలను సేకరించడం ఆ కృషికి బలం. వాడేవారు మిగలని పనిముట్టు విషయంలో ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు వస్తువునే ప్రశ్నించవలసి వస్తుంది.

ఎవరి గంటం?

గంటం అనగానే మనకు కవి, లేఖకుడు స్ఫురిస్తారు. తిక్కన చెబుతుండగా గురునాథుడు ఆగకుండా రాశాడన్న ఐతిహ్యం ఆ భావనను స్థిరపరచింది. ఇది పూర్వులలో ఒక కవిది అని చెప్పుకోవాలని ఇంటివారు ఆశపడ్డారు. ఈ వ్యాసకర్తకూ ఆ ఆశ లేకపోలేదు. కాని పెట్టెలో గంటంతో పాటు దొరికినవి భూముల లెక్కల కాగితాలు మాత్రమే. కావ్యపత్రం ఒక్కటీ లేదు. ఆ కుటుంబం వంశపారంపర్యంగా కరణీకం చేసింది. కరణాలు గ్రామ లెక్కలను తాటాకు కవిలెలలో రాసేవారు. కనుక ఇది లెక్కలు రాసిన గంటం కావడానికే అవకాశం ఎక్కువ.

ఇందులో చిన్నతనమేమీ లేదు. కాలిన్ మెకంజీ కాలంలో సేకరించిన కైఫీయతులకు గ్రామ కవిలెలు ముఖ్యమైన ఆధారాలు. అయితే శిస్తు లెక్కలు రాసిన చేయి గ్రామంపై అధికారం చెలాయించిన చేయి కూడా. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఈ గంటాన్ని కుటుంబ గౌరవచిహ్నంగా మాత్రమే చూస్తే ఆ చరిత్ర మరుగున పడుతుంది.

ముగింపు:

గంటం దొరికిన తరువాత పెద్దావిడకు ఒక విషయం గుర్తొచ్చింది. ఆమె చిన్నతనంలో, చెదలు పట్టిన ఆకుల కట్టలను పెద్దలు కృష్ణలో కలిపారట. అవి కవిలెలో, కావ్యాలో ఇక తేల్చలేం. ఇనుము కనుక గంటం మిగిలింది. అది రాసినదేదీ మిగలలేదు.

పాత ఇళ్లు విప్పేటప్పుడు దొరికిన వస్తువును తుప్పు గీకకుండా ఉంచాలి. ఎక్కడ, వేటితో కలిసి దొరికిందో వెంటనే రాసుకోవాలి. పెద్దల మాటను ఆ రోజే నమోదు చేయాలి. ఈ గంటాన్ని గుర్తించడానికి దాని మొన చాలింది. అది ఎవరిదో ఊహించడానికి మాత్రం పక్కనున్న కాగితాలే ఆధారమయ్యాయి. కాగితాలను కూడా చెత్తలో వేసి ఉంటే, దీన్ని కవి గంటమనే రాసుకునేవాళ్లం.