బీర్ షా (చాందా గోండు రాజు)

బీర్ షా (వీర్ షా, మొగలు కాగితాల్లో బీర్ సింగ్) చాందా, అంటే నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్, రాజధానిగా ఏలిన గోండు వంశపు రాజు. అల్లుడి తలను చాందాలోని మహాకాళి అమ్మవారికి అర్పిస్తానని చేసిన శపథం వల్ల ఇతని పేరు నిలిచింది.

కాలం

ఏలుబడి సంవత్సరాలపై ఏకాభిప్రాయం లేదు. కొన్ని వంశావళులు పట్టాభిషేకాన్ని 1672లో చూపుతాయి. మొగలు దర్బారు కాగితాలను అనుసరించినవారు కిషన్ సింగ్ తర్వాత 1696లో గద్దెనెక్కాడంటారు. ఆ కాగితాలు సమకాలీనమైనవి కనుక రెండో లెక్కే నమ్మదగినదిగా తోస్తుంది. మరణం 1704 ప్రాంతంలో కావచ్చు.

శపథం

చాందా గాథలకు మేజర్ లూసీ స్మిత్ 1869లో ఇచ్చిన సెటిల్‌మెంట్ నివేదిక, 1909 నాటి జిల్లా గెజిటీర్ ముఖ్య ఆధారాలు. ప్రచారంలో ఉన్న కథ ఇది: బీర్ షా తన కూతురిని దేవగఢ్ గోండు వంశీకుడు దుర్గపాల్‌కు (కొందరు దుర్గ్ షా అంటారు) ఇచ్చి పెళ్లి చేశాడు. అతడు భార్యను అవమానించాడు. కబురు విన్న తండ్రి, వాడి తల తెచ్చి అమ్మవారి ముందు పెడతానని ఒట్టు పెట్టుకుని దండెత్తాడు. పోరు మొదట దేవగఢ్ వైపే మొగ్గింది. ఓటమి అంచున బీర్ షా మహాకాళిని తలచుకోగా కత్తి దానంతట అదే ఒర నుంచి దూకిందని చెబుతారు. దుర్గపాల్ తల చాందాకు చేరింది. దానికి గుర్తుగా మహాకాళి గుడిపై దేవగఢ్ దిక్కుకు చూసేలా రాతి తల నిలిపారని ప్రతీతి.

మాట నెగ్గింది, కూతురి పసుపు కుంకుమలు పోయాయి. విచిత్రంగా, ఎవరి కోసం కత్తి దూశాడో ఆ కూతురి ఊసు కథలో అక్కడితో దాదాపు ఆగిపోతుంది. అప్పటి దేవగఢ్‌లో ప్రముఖ పాలకుడు బఖ్త్ బులంద్. కనుక దుర్గపాల్‌ను రాజుగా కాక రాజవంశీకుడిగా భావించడమే మేలు. రెండు గోండు రాజ్యాల పాత పోటీకి ఇంటి తగవు రూపమిచ్చి చెప్పిన కథ కావడానికీ ఆస్కారముంది.

మరణం

అంగరక్షకుల్లో హీరామన్ అనే రాజపుత్రుడి దగ్గర మహిమగల ఆయుధం ఉండేదట. చూపమని రాజు పదేపదే అడిగేవాడు, అతడు దాటవేసేవాడు. చివరకు రాజు రెండో పెళ్లి ఊరేగింపులో హీరామన్ అదే ఆయుధం దూసి రాజును నరికాడని కథనం. హత్య వరకు సందేహించనక్కర్లేదు. ఆయుధపు మహిమ మాత్రం గాథకే వదలాలి.

తర్వాత

కొడుకులు లేనందున రాణి హిరాయి చందన్‌ఖేడా శాఖ నుంచి రామ్ షాను దత్తత తీసుకుని, అతని పేరిట తానే రాజ్యం నడిపింది. అచలేశ్వర ఆలయం దగ్గర భర్తకు సమాధి కట్టించింది. మహాకాళి గుడికి నేటి రూపమిచ్చింది కూడా ఆమేనంటారు. చైత్ర మాసంలో అక్కడ జరిగే జాతరకు తెలంగాణ నుంచి కూడా భక్తులు వెళతారు.

రామ్ షా తర్వాత వచ్చిన నీల్‌కంఠ్ షా నుంచి 1751లో నాగపూర్ మరాఠా పాలకుడు రఘోజీ భోంస్లే చాందాను లాక్కున్నాడు. దీన్ని శపథ ఫలంగా చెప్పుకుంటే కథ రక్తి కడుతుంది గానీ, బీర్ షా పోయిన తర్వాత రాజ్యం దాదాపు అర్ధ శతాబ్దం నిలిచింది.