ఆధారాల పునరుక్తి: హదీసు గ్రంథాల నుండి వర్డ్ ప్రాసెసరు దాకా

చరిత్ర రచనలో ఆధారం చూపడం ఒక అమానతు. ఈ మాట ఎవరిది, ఏ గ్రంథంలో ఉంది అని పాఠకుడు అడిగితే రచయిత చూపగలిగిన సాక్ష్యం వాక్యం చివరనున్న చిన్న అంకె ఒక్కటే. అయితే ఒకే గ్రంథాన్ని ఒకే వ్యాసంలో పలుమార్లు పేర్కొనవలసి వస్తే ఏం చేయాలి? ప్రతిసారీ పూర్తి వివరాలిస్తే వ్యాసం బరువెక్కుతుంది, క్లుప్తపరిస్తే సాక్ష్యం తారుమారయ్యే ప్రమాదముంది. ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. హదీసు పండితులు శతాబ్దాల కిందటే దీనిని ఎదుర్కొన్నారు. వారి కృషికి సంబంధించిన గొప్ప ముద్రణలు కొన్ని మన జంటనగరాల్లోనే వెలువడ్డాయి.

సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట్ నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆట్టే దూరం కాదు. ఆ ప్రాంగణంలోనే దాయిరతుల్ మఆరిఫ్ ఉన్నది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఖాన్ ప్రభృతుల పూనికతో 1888లో వెలసిన ఈ సంస్థ అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించింది. ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం హి. 852, క్రీ.శ. 1449) రచించిన ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ను హి. 1325-1327 (క్రీ.శ. 1907-1909) మధ్య 12 సంపుటాలుగా ప్రకటించింది. ఇది హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాల కోశం. ఒక్కొక్క ఉల్లేఖకుని హదీసులు ఏయే గ్రంథాల్లో ఉన్నవో ఇందులో చెప్పాలి. వేలాది పేర్ల దగ్గర ఆ గ్రంథనామాలన్నీ పూర్తిగా వ్రాయడం సాధ్యమా? అందుకే ఇబ్నె హజర్ తనకు పూర్వుడైన మిజ్జీ (మరణం హి. 742) వాడిన అక్షర సంకేతాలనే అనుసరించాడు. బుఖారీకి ‘ఖే’, ముస్లింకు ‘మీమ్’, అబూదావూద్‌కు ‘దాల్’, ఇబ్నెమాజాకు ‘ఖాఫ్’. ఆరు గ్రంథాల్లోనూ ఉంటే ‘ఐన్’, నాలుగు సునన్‌లలో ఉంటే 4 అనే అంకె. గ్రంథారంభంలో ఒక్కసారి వివరించిన సంకేతం చివరి సంపుటం దాకా పనిచేస్తుంది.

ఈ క్లుప్తతలోనూ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. సుయూతీ (మరణం హి. 911) తన ‘జామిఉస్ సగీర్’లో ‘ఖాఫ్’ను మరో అర్థంలో వాడాడు. అక్కడ అది బుఖారీ, ముస్లిం ఇద్దరూ ఉల్లేఖించిన హదీసుకు గుర్తు. ఇబ్నెమాజాకు అతడు ‘హే’ను నియమించాడు. సుయూతీ సంకలనాలను విషయక్రమంలో కూర్చిన బుర్హాన్‌పూర్ పండితుడు అలీ ముత్తఖీ ‘కన్‌జుల్ ఉమ్మాల్’ కూడా 19వ శతాబ్ది చివర దాయిరతుల్ మఆరిఫ్ నుండే వెలువడింది. ఒక గ్రంథంలోని ‘ఖాఫ్’ను మరో గ్రంథపు అర్థంతో చదివితే ఇబ్నెమాజాలో మాత్రమే ఉన్న ఉల్లేఖనానికి బుఖారీ, ముస్లింల స్థాయి అంటగట్టినట్లవుతుంది. అది చిన్న పొరపాటు కాదు. కనుక సంకేతం ఎంత చిన్నదైనా దాని తాళంచెవి అదే గ్రంథంలో ఉండి తీరాలి.

మరో మార్గం స్థిరమైన సంఖ్య. 20వ శతాబ్దిలో ఈజిప్టు పండితుడు ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ (మరణం 1968) బుఖారీ హదీసులకు వరుస సంఖ్యలిచ్చాడు. సంకల్పాన్ని గురించిన సుప్రసిద్ధ హదీసు బుఖారీలో ఏడు చోట్ల వస్తుంది. మొదటి హదీసు వద్దనే 54, 2529, 3898, 5070, 6689, 6953 అని మిగతా స్థలాలన్నీ సూచించబడ్డాయి. పుటలు ముద్రణ ముద్రణకూ మారవచ్చు; ఈ సంఖ్యలు మారవు.

ఇక నేటి వర్డ్ ప్రాసెసరు సంగతి. ఎండ్‌నోటు చేర్చగానే యంత్రం దానికి అంకె వేస్తుంది, మధ్యలో మరొకటి చేరిస్తే తక్కిన అంకెలను తానే సవరిస్తుంది. ఈ సౌకర్యం చూసి నిశ్చింతగా ఉండరాదు. 5వ సూచికలో బుఖారీని పేర్కొని 6వ దానిలో ‘పైదే’ అని వ్రాశామనుకుందాం. తరువాత ఆ రెంటి నడుమ ఒక పేరా చేర్చి, అందులో ఒక సీరత్ గ్రంథాన్ని ఉదహరించాం. అంకెలు సక్రమంగానే మారుతాయి. కాని ‘పైదే’ ఇప్పుడు బుఖారీని వదలి సీరత్ గ్రంథాన్ని పట్టుకుంటుంది. వరుస తప్పలేదు, సాక్ష్యం తప్పింది! యంత్రం అంకెను చూస్తుందే గాని అర్థాన్ని చూడదు.

దీనికి మూడు జాగ్రత్తలు చాలు. ఒకే గ్రంథంలోని అదే పుటను మళ్ళీ చూపవలసి వస్తే అంకెను చేతితో కొట్టక, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని ‘క్రాస్ రిఫరెన్స్’ ద్వారా మొదటి ఎండ్‌నోటుకే ముడివేయాలి. ఆ ముడి అంకె తనంతట తాను వెంటనే మారదు. వ్యాసం ముగిశాక మొత్తం ఎంచుకొని ‘ఎఫ్ 9’ మీట నొక్కి సరిచేయాలి. రెండవది, గ్రంథం అదే అయినా పుట వేరైతే కొత్త సూచికే వ్రాసి, అందులో రచయిత పేరు, గ్రంథపు పొట్టిపేరు, సంపుటం, పుట ఇవ్వాలి. మూడవది, ‘పైదే’ అనే మాటను వ్యాసం పూర్తిగా స్థిరపడే వరకు వాడకపోవడం.

ఆలోచిస్తే ఈ మూడూ పాత పద్ధతులకు దగ్గరివే. క్రాస్ రిఫరెన్స్ అబ్దుల్ బాఖీ సూచించిన సంఖ్యల వంటిది. పొట్టిపేరు మిజ్జీ అక్షర సంకేతం వంటిది. ‘పైదే’ మాత్రం తన పక్కనున్న దానిపైనే ఆధారపడుతుంది, పక్కనున్నది మారితే తానూ మారిపోతుంది. సాక్ష్యం అలా పొరుగును బట్టి మారరాదు. మన యువ పరిశోధకులు వ్యాసాన్ని అచ్చుకు పంపేముందు ప్రతి అంకెనూ దాని గ్రంథంతో ఒక్కసారి సరిచూసుకోవాలి. ఆ శ్రమను వారి తరఫున ఏ యంత్రమూ చేయదు.