నల్లజాతి స్త్రీల కురులు: చట్టం, క్షారం, ఆత్మగౌరవం

1786లో అమెరికా దక్షిణ తీరాన ఉన్న లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. ఆ ఏడాది గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. దాని ప్రకారం బానిసలు కాని, స్వతంత్రులైన నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు తలకు గుడ్డ చుట్టుకోవాలి. కేశాలంకరణ బయటికి కనబడరాదు. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఈకలతో, నగలతో ముస్తాబైన ఆ శిరోజాలు శ్వేతజాతి పురుషుల చూపును ఆకర్షిస్తున్నాయన్నది పాలకుల బాధ. స్త్రీలు ఉత్తర్వును పాటించారు. అయితే రంగురంగుల మేలిరకపు బట్టలు ఎంచి, ఎత్తుగా, సొగసుగా చుట్టారు. అవమానించడానికి విధించిన గుడ్డ కొద్దికాలానికే అలంకారమైంది.

జుట్టు ముచ్చట వైద్యునికెందుకని పాఠకులు అనుకోవచ్చు. ఒక జాతి స్త్రీలు రెండు శతాబ్దాలుగా తమ తలపై ఏమి పూసుకున్నారో, ఎందుకు పూసుకున్నారో తెలియకుండా వారి వ్యాధులు కొన్ని అర్థం కావు.

ముందుగా శరీర నిర్మాణం. ఆఫ్రికా సంతతివారి వెంట్రుకలోనూ మన వెంట్రుకలోనూ ఉన్న ప్రోటీను ఒక్కటే, కెరటిన్. భేదమంతా ఆకారంలోనే. వారి వెంట్రుక కుదురు చర్మంలో వంపు తిరిగి ఉంటుంది; వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా కాక కొంత చదునుగా కనిపిస్తుంది. మాడుపై ఊరే సహజ తైలం ఆ మెలికల గుండా కొసదాకా చేరదు. కనుక జుట్టు త్వరగా పొడిబారుతుంది, మెలిక ఉన్నచోట విరుగుతుంది. ఇది వ్యాధి కాదు, లోపమూ కాదు. తగిన నూనె, వెడల్పు పళ్ళ దువ్వెన, ఓపిక ఉంటే చాలు. బానిస ఓడల్లో తరలింపబడినవారికి ఈ మూడూ కరవయ్యాయి. పైగా, యజమాని జుట్టును పోలినదే మంచి జుట్టు అన్న కొలమానం వచ్చి పడింది.

ఈ చరిత్రలో నన్ను అధికంగా ఆకట్టుకున్న వ్యక్తి మేడమ్ సి. జె. వాకర్. అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో, బానిసత్వం నుండి విముక్తులైన తల్లిదండ్రులకు జన్మించింది. ఏడేళ్ళకు తల్లిదండ్రులను, ఇరవయ్యేళ్ళకు భర్తను కోల్పోయి, సెయింట్ లూయిస్‌లో బట్టలుతికి కూతుర్ని పెంచింది. మాడుకు సోకిన వ్యాధితో జుట్టు ఊడసాగింది. ఇంట్లో కుళాయి లేని పేదలకు తలస్నానం అరుదైన రోజులవి. మొదట ఆనీ మలోన్ అనే మరో నల్లజాతి వ్యాపారి సరుకును ఇంటింటా అమ్మి, తరువాత సొంత లేపనం తయారు చేసింది. అందులో ముఖ్యమైనవి గంధకం, పెట్రోలియం జెల్లీ. గంధకం మాడు వ్యాధులకు పాత మందే. కనుక అది ఉత్త మాయ కాదు. 1910లో ఇండియానాపొలిస్‌లో కర్మాగారం నెలకొల్పి, చాకిరీ తప్ప గతిలేని వేలాది స్త్రీలకు సొంత సంపాదన చూపింది. కాలిన ఇనుప దువ్వెనతో జుట్టు సాపు చేయడం కూడా ఆమె పద్ధతిలో భాగమే. శ్వేతజాతిని అనుకరింపజేస్తున్నదని విమర్శించినవారున్నారు. తాను జుట్టు పెంచుతున్నానే గాని సాపు చేయడం లేదని ఆమె వాదించేది. ఆ వాదన నాకు పూర్తిగా నచ్చదు. అయినా ఆమెను తప్పుపట్టడానికీ మనసొప్పదు.

దువ్వెన వేడి తాత్కాలికం. తల తడిస్తే మెలికలు మళ్ళీ వస్తాయి. ఆ తరువాత వచ్చిన రసాయనం అలా కాదు. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడాయే దాని సారం. అది కెరటిన్‌లోని గంధక బంధాలను తెంచి వెంట్రుకను శాశ్వతంగా సాపు చేస్తుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది. మాల్కమ్ ఎక్స్ తన ఆత్మకథలో, యువకుడిగా ఆ మంటను భరించి జుట్టు సాపు చేయించుకున్న ఘట్టాన్ని తన తొలి ఆత్మావమానంగా చెప్పుకున్నాడు. స్త్రీలలో చాలామందికి ఇది బాల్యంలోనే మొదలయ్యేది. మొలిచిన కొత్త జుట్టుకు కొన్ని వారాలకొకసారి మళ్ళీ పూయాలి.

1968లో ముగ్గురు చర్మవైద్యులు, నడినెత్తిన మొదలై చుట్టూ వ్యాపించే ఒక బట్టతలను నల్లజాతి స్త్రీలలో గుర్తించి, కాలిన దువ్వెన పేరుతోనే దాన్ని వర్ణించారు. దువ్వెన ఒక్కటే కారణం కాదని, వంశపారంపర్య లక్షణాలకూ పాత్ర ఉందని తరువాత తేలింది.

ఇదే దశకంలో సహజమైన జుట్టును గుబురుగా పెంచడం హక్కుల ఉద్యమానికి చిహ్నమైంది. కాని కొలువులు మారలేదు. సన్నని జడలు అల్లుకున్నందుకు అభ్యంతరం చెప్పిన విమాన సంస్థపై రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని వేసిన దావాలో 1981లో న్యాయస్థానం సంస్థ పక్షానే నిలిచింది. జుట్టు తీరును బట్టి వివక్ష చూపరాదని కాలిఫోర్నియా చట్టం చేసినది 2019లో. అంతవరకు సాపు చేసుకోవడాన్ని కేవలం సౌందర్యాభిలాష అనడం న్యాయం కాదు. అది చాలామందికి జీతం ప్రశ్న.

2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు పదకొండేళ్ళు పరిశీలించిన ఫలితం వెలువడింది. జుట్టు సాపు చేసే రసాయనాలను ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ వయసులోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం కాగా, తరచుగా వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపుతుందే గాని కారణాన్ని రుజువు చేయదు. అయినా తేలికగా కొట్టివేయదగినది కాదు. జాతివల్ల ముప్పు మారినట్లు అందులో తేలలేదు. వాడినవారిలో నల్లజాతి స్త్రీలే అధికులు, అంతే.

తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలకూ ఈ కథలో చోటుంది. వేలంలో అమ్ముడయ్యే ఆ జుట్టు సవరాలుగా, విగ్గులుగా విదేశాలకు చేరుతుంది. కొనేవారిలో నల్లజాతి స్త్రీలూ ఎందరో. రసాయనాన్ని మానినవారికి సవరం ఒక మార్గమే, కాని దాన్ని బిగించి కుడితే కుదుళ్ళపై లాగుడు పడుతుంది. నుదుటి అంచున, కణతల దగ్గర వెంట్రుకలు పలచబడడం తొలి సూచన. ఆ దశలో బిగువు సడలిస్తే జుట్టు తిరిగి మొలుస్తుంది. మచ్చకట్టిన కుదురు నుండి మాత్రం మొలవదు.