తంతు సిద్ధాంతమున ఆకార పరివర్తనము

పరమాణు కేంద్రకమందలి ప్రోటానులను, న్యూట్రానులను విడిపోకుండ పట్టి యుంచెడి బలమెట్టిది? తంతు సిద్ధాంతము ఈ ప్రశ్న నుండియే పుట్టినది. ఇటలీ దేశీయుడగు గాబ్రియేల్ వెనెజియానో, పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్ పరిశీలించిన బీటా ప్రమేయమును గైకొని, ఆ బలమునకు లోనగు కణముల తాకిడులను 1968లో ఒక చిన్న సూత్రమున ఇమిడ్చెను. సూత్రము కుదిరినది గాని అది దేనిని వర్ణించుచున్నదో అప్పటి కెవ్వరికిని తెలియదు. 1970 ప్రాంతమున నంబు, నీల్సన్, సస్‌కిండ్ అను మువ్వురు వేర్వేరుగా దాని యర్థమును తెలిపిరి: కణము బిందువు కాదు, కంపించెడి సన్నని తంతువు.

ఆ వైభవము కొలదికాలమే నిలిచినది. 1973లో గ్రాస్, విల్చెక్, పోలిట్జరులు చేసిన గణనలతో క్వార్కుల బలమునకు గేజ్ సిద్ధాంతమే తగినదని తేలెను. అందు క్వార్కులకు మూడు 'వర్ణములు' కలవు. కంటికి కనబడు రంగులతో వీనికి సంబంధము లేదు, పేరు మాత్రమే. తంతువులు మూలబడినవి. పైగా వాని సమీకరణములలో ద్రవ్యరాశి లేని కణమొకటి వలదన్నను వచ్చి చేరుచుండెను. 1974లో షెర్క్, ష్వార్జ్ అనువారు ఆ లోపమునే గుణముగా గ్రహించి, అది గురుత్వాకర్షణను మోయు కణమేయని వాదించిరి. వారి మాట విన్నవారు మిక్కిలి కొలది.

అదే సంవత్సరమున డచ్చి శాస్త్రజ్ఞుడు గెరార్డ్ టి హూఫ్ట్ వింతయైన లెక్క యొకటి చేసెను. వర్ణములు మూడు గాక అనేకములని యనుకొన్నచో, గేజ్ సిద్ధాంతపు చిత్రములు తలముల వరుసలో అమరును. బంతిపై గీయదగినవి ముఖ్యములు. నడుమ చిల్లున్న గారె వంటి తలముపై గీయదగినవి వాని తరువాతివి. ప్రతి చిల్లునకును చిత్రపు విలువ వర్ణసంఖ్య యొక్క వర్గముచే భాగింపబడును. తంతువు కదలుచు గీయునదియు ఇట్టి తలమే గదా! గేజ్ సిద్ధాంతమును తంతు సిద్ధాంతమును ఒకటేనేమో యను శంక ఇచట మొలకెత్తినది. అది ఫలించుటకు ఇరువది మూడేండ్లు పట్టినది.

1995లో పోల్చిన్‌స్కీ, తంతువుల కొనలు అంటుకొనియుండు పొరలకు గల ప్రాధాన్యమును నిరూపించెను. బ్యూనస్ ఏరిస్‌లో జన్మించిన హువాన్ మాల్దసేనా 1997లో అట్టి పొరల దొంతరను రెండు విధముల చూచెను. ఒక చూపున అది గేజ్ సిద్ధాంతము. మరియొక చూపున ఆకాశమును వంచెడి బరువు, అనగా గురుత్వము. వస్తువొక్కటే, వర్ణనలు రెండు. ఒక వర్ణనలోని రాశికి రెండవదానిలో సరియైనదేదో తెలుపు నిఘంటువును 1998లో విటెన్ ఒకవైపునను, గబ్సర్, క్లెబనోవ్, పోల్యకోవులు మరియొకవైపునను కూర్చిరి.

ఆ సంవత్సరమే రాజేశ్ గోపకుమార్, కుమ్రున్ వఫా అనువారు ఈ ద్విరూపతకు స్పష్టమగు ఉదాహరణము నొసగిరి. గోపకుమార్ కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివినవాడు, వఫా ఇరాను దేశమున జన్మించినవాడు. ఆరు పరిమాణములు గల శంకువు నొకదానిని ఊహింపవలెను. దాని మొన వద్ద రెండు గోళములు, త్రిపరిమాణ గోళమొకటి, మనమెరిగిన బంతి తలము వంటి ద్విపరిమాణ గోళమొకటి, కుంచించుకొని బిందువగును. మొనను సరిచేయుటకు మార్గములు రెండు: ఏదో యొక గోళమును తిరిగి ఉబ్బించుట. త్రిపరిమాణ గోళమునకు పొరలు చుట్టినచో వచ్చునది చెర్న్-సైమన్స్ గేజ్ సిద్ధాంతమని విటెన్ 1992లోనే చూపియుండెను. పొరలు అనేకములైనపుడు ఆ గోళము ముడుచుకొని, దాని స్థానమున రెండవ గోళము తెరచుకొనునని గోపకుమార్, వఫాలు ప్రతిపాదించిరి. అపుడు పొరలు మాయమగును! పాఠకునకు ఇది గారడివలె తోచవచ్చును. కాని లెక్కలో ఏదియు పోలేదు. పొరల సంఖ్యను తంతువుల బలముచే గుణింప వచ్చునదే కొత్త గోళపు పరిమాణము. చిల్లులెన్ని యున్న తలములకైనను ఇరువైపుల గణనలు సరిపోయినవి. ఆకార పరివర్తనమనగా ఇదియే. 2000లో వఫా దీనిని సూపర్‌తంతువులకు విస్తరించెను. ఆ యేడే క్లెబనోవ్, స్ట్రాస్లరులు ఇట్టి శంకువు నుండియే, క్వార్కులు విడివిడిగా ఏల దొరకవో తెలుపు నమూనాను నిర్మించిరి.

మాల్దసేనా ఊహకు నేటికిని సంపూర్ణమగు ఋజువు లేదు. అది వర్ణించు ఆకాశమును మనది కాదు. మన విశ్వపు విస్తరణ వేగము హెచ్చుచున్నదని 1998లోనే తేలినది. అయినను నిఘంటువు ఇతర పనులకు వచ్చినది. కృష్ణబిలముల గణితము నుండి ద్రవముల జిగటకు ఒక విలువను కోవ్‌టన్, సన్, స్టారినెట్సులు 2005లో ప్రకటించిరి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో బంగారు కేంద్రకములను ఢీకొట్టగా ఏర్పడిన క్వార్కుల ద్రవపు జిగట దానికి సమీపముననే యున్నట్లు కనబడెను. బొంబాయి టాటా సంస్థకు చెందిన షిరాజ్ మిన్‌వాలా, సాయంతనీ భట్టాచార్య, విదేశమందలి హుబేనీ, రంగమానీలతో కూడి, గురుత్వ సమీకరణముల నుండియే ద్రవప్రవాహ సమీకరణములను రాబట్టి 2008లో ప్రచురించిరి.