గోడను వీడని చిత్రకారుడు

చిత్రములలో రెండు తెగలు గలవు. చట్రమున బిగింపబడి ఊరూర తిరుగునది యొకటి. గోడ నంటుకొని యున్నచోటనే యుండునది రెండవది. ఈ రెండవ తెగకే జీవితమును ధారవోసిన ఫ్రెంచి చిత్రకారుడు పియేర్ ప్యువి ద షవాన్‌ను గూర్చి పాఠక మహాశయులకు కొంత విన్నవింపదలచితిమి.

ఆయన 1824 డిసెంబరు 14వ తేదీన లియోన్ నగరమున జన్మించెను. తండ్రి గనుల ఇంజనీరు. కుమారునకును ఇంజనీరు చదువే తలపెట్టిరి గాని, అనారోగ్యము అడ్డువచ్చెను. పిమ్మట ఇటలీ యాత్రలో చూచిన కుడ్యచిత్రములు ఆయన మనస్సును హరించినవి. కాని 1850 దశాబ్దిలో పారిసు నగరపు 'సలోన్' ప్రదర్శన పెద్దలు ఆయన చిత్రములను పలుమారులు త్రోసిపుచ్చిరి.

1861లో ఆయన 'శాంతి', 'యుద్ధము' అను జంట చిత్రములను ప్రదర్శించెను. ప్రభుత్వము 'శాంతి'ని మాత్రమే కొనెను. జంట విడిపోవుట కిష్టపడక ఆయన 'యుద్ధము'ను ఉచితముగ నిచ్చివేసెను. ఆ రెండును ఆమియెన్ మ్యూజియము చేరినవి. 1865లో అచ్చటనే పికార్డీ సీమను పోషకురాలగు తల్లిగా భావించి, ఆ సీమ ప్రజల నిత్యకృత్యములనే గోడ కెక్కించెను.

ఆయన పని తడిసున్నముపై చేసినది కాదు. గుడ్డపై తైలవర్ణములతో వ్రాసి, దానిని గోడకు అతికించెడివారు. రంగులు వెలిసిన సున్నపు గోడవలె మందముగ నుండును. చిత్రము గోడను మరపింపరాదు, గోడకు శోభ గూర్పవలెనన్నదే ఆయన నియమము. మార్సెయ్, పువాతియే, లియోన్, రువాన్ పట్టణములును, పారిసులోని పాంథియోన్, సోర్బోన్‌లును ఆయన చిత్రములతో అలంకృతములైనవి. అమెరికాలోని బోస్టన్ గ్రంథాలయమునకు వలసిన చిత్రములను సయితము, ఆయన సముద్రము దాటకయే, ఫ్రాన్సునందే రచించి పంపెను.

1895లో ఆయన సప్తతి పూర్తి విందునకు శిల్పి రోదాన్ అధ్యక్షత వహించెను. గొగాన్ 1901లో తాను రచించిన యొక చిత్రమున ఆయన 'ఆశ' చిత్రమునకు చోటిచ్చెను. పికాసో తొలినాటి నీలి చిత్రములందును ఆయన ఛాయ గోచరించును. 1898 ఆగస్టులో భార్య మరణింపగా, అక్టోబరు 24న ఆయనయు కన్నుమూసెను.

శిష్యప్రాయులైన వారి పేర్లు లోకమంతట వ్యాపింపగా ఆయన పేరు వెనుకబడినది. అందుకొక కారణము స్పష్టము: ఆయన ముఖ్య రచనలు ప్రదర్శనలకు ప్రయాణము చేయజాలవు. అయినను ఆమియెన్ వాసులు తమ సీమ కథను నేటికిని తమ గోడపైననే చూచుచున్నారు. ఊరి గోడపై ఊరివారి బ్రతుకును నిలిపినవానికి లోకఖ్యాతి తగ్గినను, ఆ ఊరిలో స్థానము తరుగదని మా విశ్వాసము.