శాలిహుండం పెంకులు, రోము గడియారం

ఉత్తరాంధ్ర తీరం గురించి చరిత్ర రాసేవాళ్లకు ఒక అలవాటుంది. వంశధార ఒడ్డున ఎంత ప్రాచీనమైన ఇటుక బయటపడినా ముందుగా రోమును సాక్షిగా పిలుస్తారు. ప్లినీ చెప్పాడా, టాలెమీ పేర్కొన్నాడా అని వెతుకుతారు. గ్రీకువాడో రోమన్‌వాడో ఒక ఊరి పేరు రాసి ఉంటే ఆ ఊరు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు! ఈ సాక్షుల మీద నాకు కోపం లేదు. కాని కోర్టులో ఏ సాక్షినైనా అడిగే రెండు ప్రశ్నలు వీళ్లనూ అడగాలి. నువ్వు ఏం చూశావు? ఎవరి తరఫున చూశావు?

క్రీ.శ. 77 ప్రాంతంలో గ్రంథం రాసిన ప్లినీ, సముద్రానికి దగ్గరగా కళింగులున్నారన్నాడు. వాళ్ల రాజనగరం పేరు పర్తాలిస్ అనీ, రాజుకు 60,000 మంది కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉన్నాయనీ రాశాడు. గంగ ముఖద్వారం నుంచి 625 మైళ్ల దూరంలో దండగుద అనే పట్టణం ఉందన్నాడు. ఇది సామ్రాజ్యానికి కావలసిన సమాచారం. సైన్యం ఎంత, దూరం ఎంత అన్నదే లెక్క. ఆ ఏనుగులకు మేత కోసినవాళ్లు ఎవరో, ఆ కాల్బలానికి గింజలు పండించినవాళ్లు ఎవరో ఆ లెక్కలో రారు. ఇదే ప్లినీ మరోచోట, ఇండియా ఏటా మా దగ్గర్నుంచి అయిదు కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా లాగేసుకుంటోందని వాపోయాడు. బంగారం తమ కొట్టు దాటి పోతున్నప్పుడే సామ్రాజ్యాలకు దూరదేశాలు బాగా కనిపిస్తాయి.

రెండో శతాబ్దపు టాలెమీ ఈ తీరాన పలూర అనే ఊరిని పేర్కొన్నాడు. సువర్ణభూమికి పోయే ఓడలు దాని సమీపంలోనే తీరాన్ని విడిచి నడిసముద్రానికి మళ్లుతాయన్నాడు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ 1925లో ఈ పేరుకు ఒక ముడి విప్పాడు. పలూర అంటే ద్రావిడ భాషల్లో పల్లు ఊరు, అంటే సంస్కృతంలో దంతపురమే అన్నాడు. తెలుగు వచ్చినవాడికి ఆ వాదం చదవగానే నవ్వొస్తుంది, నచ్చుతుంది కూడా. బుద్ధుడి దంతాన్ని దాచిన కళింగ నగరం దంతపురమనీ, అక్కడినుంచే ఆ దంతం సింహళానికి పోయిందనీ బౌద్ధుల కథ. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలోని మట్టికోటను ఆ దంతపురమనేవాళ్లున్నారు, గంజాం జిల్లా పాలూరును చూపేవాళ్లున్నారు. ఆ తగాదాలో నేను తలదూర్చను. నాకు పట్టినది, టాలెమీ ఊరిని ఓడ ఎక్కే చోటుగా మాత్రమే చూశాడన్న సంగతి.

ఓడ ఎక్కడం అంటే గుర్తొచ్చింది. టాలెమీ నావికులు బయల్దేరిన ఈ తీరం నుంచి ఇవాళ బెస్తలు పడవెక్కి కాదు, రైలెక్కి పోతున్నారు, గుజరాత్‌లో పరాయివాడి పడవ మీద కూలికి. 2018 నవంబరులో అలా పోయి పాకిస్తాన్ గస్తీకి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటికి రాలేదు. రోముతో వర్తకం చేసిన తీరమని సభల్లో గర్వపడేవాళ్లు ఈ సంగతిని ఆ గర్వం పక్కన పెట్టుకుని చూడాలి.

ఇక శాలిహుండం. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవబోయే ముందు వంశధారకు దక్షిణపు గట్టున ఉన్న కొండ ఇది. కింద వరిచేలు, పక్కన ఏరు, పైన ఇటుక స్తూపాలు, చైత్యగృహాలు, విహారాల పునాదులు. కొన్ని స్తూపాల లోపలి కట్టడం బండిచక్రం ఆకుల్లా ఉంటుంది. మట్టిని నింపి కట్టిన పెద్ద గుమ్మటం కుంగిపోకుండా పట్టి ఉంచే ఉపాయం అది. ధర్మచక్రమని భక్తులు అనవచ్చు, నేను తాపీ మేస్త్రీ తెలివి అంటాను. రెండూ అయి ఉండవచ్చు. క్రీస్తుకు పూర్వం మొదలై తర్వాత అనేక శతాబ్దాలు నడిచిన చోటు ఇది. తొలి రోజుల్లో విగ్రహం లేని స్తూపం, చివరి రోజుల్లో తార, మారీచి విగ్రహాలు. ఒకే కొండ మీద బౌద్ధం హీనయానం నుంచి వజ్రయానం దాకా మారిన తీరు మెట్టు మెట్టుగా కనిపిస్తుంది.

దీన్ని 1919లో లోకానికి చూపినవాడు గిడుగు వెంకట రామమూర్తి. మనం ఆయన్ను వ్యావహారిక భాషోద్యమానికి పరిమితం చేసి ఏటా ఆగస్టు 29న దండ వేసి ఊరుకుంటున్నాం. ముఖలింగానికి దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఈ బడిపంతులు శాసనాల లిపులు సొంతంగా నేర్చుకున్నాడు. వజ్రహస్తుడి నడగాం రాగిరేకులను ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. గంగరాజుల కళింగనగరం ముఖలింగమేనని వాదించి నిలబెట్టాడు. ఆ పనుల నడుమనే కొండలెక్కి సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. ఇవి వేర్వేరు పనులు కావు. గ్రంథంలో ఉన్నదే భాష అనేవాడిని నమ్మని మనిషి, గ్రంథంలో ఉన్నదే చరిత్ర అనేవాడిని మాత్రం ఎందుకు నమ్ముతాడు? మనుషుల నోట ఉన్నదాన్నీ రాళ్ల మీద ఉన్నదాన్నీ తానే వెళ్లి చూశాడు, విన్నాడు.

తర్వాత లాంగ్‌హర్‌స్ట్, 1943-46లో టి.ఎన్. రామచంద్రన్, 1953-54లో ఆర్. సుబ్రహ్మణ్యం అక్కడ తవ్వకాలు సాగించారు. సుబ్రహ్మణ్యం నివేదిక 1964లో అచ్చయింది. పద్ధతిగా చేసిన పని, అందులో సందేహం లేదు.

నేను కెమెరా పట్టుకుని ఈ కొండలు తిరుగుతుంటాను. అందుకే పురావస్తు నివేదికల్లో ఫొటోలను మాటల కంటే ఎక్కువగా చూస్తాను. ఏ నివేదిక తెరిచినా ఒకటే తీరు. గోతి అంచులు నిలువుగా చెక్కి ఉంటాయి, నేల ఊడ్చి ఉంటుంది, నలుపు తెలుపు చారల కొలబద్ద ఉంటుంది. మనిషి ఉండడు. ఉంటే కొలబద్ద బదులు, స్తూపం ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టిన మనిషి ఉంటాడు. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద గాజుపలకల కెమెరాలతో గుళ్ల ఫొటోలు తీసిన దొరల కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. కొలతకు మనిషి అవసరం, పేరుకు అక్కర లేదు. గునపం పట్టినవాళ్లు, తట్ట మోసినవాళ్లు, గోతి ఊడ్చినవాళ్లు ఫొటోకు ముందు పక్కకు తప్పుకుంటారు. చరిత్రలో జరిగినదే దాన్ని తవ్వేచోటా జరుగుతుంది.

ఫొటో అబద్ధం చెప్పదంటారు. వెలుగు ఎటునుంచి పడిందో దాన్నిబట్టి చెబుతుంది. మిట్ట మధ్యాహ్నం తీస్తే శాలిహుండం ఒట్టి ఎర్రటి ఇటుకల కుప్ప. పొద్దు పొడిచేవేళ, ఏటవాలు వెలుగులో అదే ఇటుక మీద దాన్ని అచ్చులోంచి తీసినవాడి చేతి గీతలు లేస్తాయి. పగటి వెలుగులో అరిగిపోయిందనుకున్న అక్షరం సాయంత్రం చదవడానికి వస్తుంది. స్టాండు నిలబెట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలి కాబట్టి, నాబోటివాడు ఊపిరి బిగబట్టి గోడకు చేరబడి తీస్తాడు. ఒకసారి కొండ కింద చేనుగట్టున వాన కోసిన చోట పడి ఉన్న పెంకులను కదపకుండా ఫొటోలు తీస్తూంటే, గడ్డిమోపుతో పోతున్న ఒక ముసలామె ఆగింది. “ఏటి బాబూ, సిల్లపెంకులకి పొటోలేటి? మా దాక పెంకు నాగే ఉంది గదా!” అంది. పండితుల చర్చ అంతా ఆ మాట చుట్టూ తిరుగుతున్నట్టు నాకు అనిపించింది. అది ఎలాగో చెబుతాను.

శాలిహుండంలో దొరికిన మట్టిపాత్రల్లో ఒక రకానికి పండితలోకంలో మహా గౌరవం. సన్నని మట్టి, పల్చటి గోడ, లోపలికి వంగిన అంచు, నున్నటి నల్లటి మెరుపు, పళ్లెం లోపలి అడుగున వలయాలు వలయాలుగా సన్నని చుక్కలు. రౌలెటెడ్ పాత్ర అంటారు దీన్ని. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వినప్పుడు ఇది ఇటలీలోని అరెజ్జో పాత్రలతోబాటు కనిపించింది. అరెజ్జో పాత్రలు ఎప్పటివో తెలుసు. వాటితో దొరికింది కాబట్టి ఇదీ ఆ కాలానిదే అన్నాడు. అంతవరకు సరే. ఆ చుక్కల అలంకరణ భారతీయం కాదు, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చింది అన్నది రెండో మాట. ఆ రెండో మాట మొదటిదాని భుజమెక్కి నాలుగు దశాబ్దాలు ఊరేగింది. తామ్రలిప్తి నుంచి తమిళ తీరం దాకా ఏ గోతిలో ఈ పెంకు కనిపించినా ‘రోము సంబంధం’ అని రాసుకున్నారు, ఆ పొరకు క్రీస్తుశకం మొదటి రెండు శతాబ్దాల తేదీ వేశారు. అంటే మన ఊళ్ల వయసు రోము గడియారం చూసి చెప్పాం.

ఈ లెక్కను గట్టిగా ప్రశ్నించినది విమలా బెగ్లీ. అరికమేడు పెంకులనే మళ్లీ పరీక్షించి, ఇవి ఇక్కడి కుమ్మరులు చేసినవే, అరెజ్జో పాత్రల కంటే ముందునుంచే ఉన్నవి అని 1980ల్లో వాదించింది. సారె తిరుగుతుండగా ఆరీ ఆరని పళ్లేనికి సన్నని రేకు ఆనిస్తే అది అదురుతూ చుక్కలు వేసుకుంటూ పోతుంది, దానికి రోము నుంచి పనిముట్టు రానక్కర లేదు. 1997లో విశ్వాస్ గోగ్టే మట్టిని ఎక్స్ కిరణాలతో పరీక్షించి, ఇది దిగువ గంగ ప్రాంతపు, చంద్రకేతుగఢ్-తామ్లుక్ వైపు మట్టి అన్నాడు. 2005లో మరో పరిశోధక బృందం రసాయన విశ్లేషణ చేసి, వేర్వేరు చోట్ల దొరికిన ఈ పాత్రలకు మట్టి మూలం ఒకటేనంది. బాలి ద్వీపంలో సెంబిరాన్ దగ్గర కూడా ఈ పెంకులు దొరికాయి. రోము ఇచ్చిందనుకున్నది ఇక్కడి కుమ్మరి సరుకు. తూర్పు సముద్రమంతా తిరిగిన సరుకు.

ఇక్కడ ఒక్క క్షణం అరెజ్జో కుమ్మరి దగ్గర కూడా ఆగాలి. ఆ ఎర్రటి పాత్రల అడుగున ముద్రలుంటాయి. చాలావాటి మీద యజమాని పేరుతోబాటు పనిచేసిన బానిస పేరు కూడా ఉంటుంది. బానిస పేరు వేసింది గౌరవించడానికి కాదు, సరుకు లెక్కకు. అయినా పేరు మిగిలింది. మన కుమ్మరి పేరు ఆ మాత్రం కూడా మిగల్లేదు. కులం మిగిలింది.

రోము పోయింది కదా అని ‘అంతా మనదే’ అని జెండా ఎగరేసేవాళ్లు వెంటనే తయారవుతారు. తయారయ్యారు కూడా. ఇది గడియారం మార్చడమే గాని మనిషిని చూడడం కాదు. దేశాభిమాని చరిత్రకారుడికి ఆ పళ్లెం కళింగ వైభవం, సామ్రాజ్యవాదికి అది రోమన్ నాగరికత. సారె తిప్పినవాడు ఇద్దరి ఫొటోల్లోనూ లేడు. పైగా ఆ మట్టి గంగ దిగువదైతే, అది వంశధార కుమ్మరి పనీ కాదు. ఎక్కడో ఒక ప్రాంతంలో ఒకే మట్టితో గుట్టలుగా చేసి ఓడలకెత్తిన సరుకు అది. అంటే అంత పెద్ద ఎత్తున పనివాళ్లను కూడగట్టి, సరుకును రేవులకు చేర్చిన ఏర్పాటు ఒకటి ఉండి ఉండాలి. దాన్ని నడిపినవాళ్లు వర్తకులా, శ్రేణులా, ఆ లాభంలో ఎంత విహారాలకు చేరింది అన్నవి అసలు ప్రశ్నలు. పాత నాణేలను ఒక్కొక్కటే తూచి వాటి అరుగుదల నుంచి చరిత్ర లాగిన కోశాంబి, 1956 నాటికే ఇలాంటి ప్రశ్నలు ఎలా వేయాలో చూపించాడు. వస్తువు అందాన్ని కాదు, దాన్ని చేసిన, మార్చుకున్న మనుషుల సంబంధాలను చదవమన్నాడు.

విజయనగరం వైపు రామతీర్థంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. అక్కడ గురుభక్తకొండ మీద 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రే బౌద్ధ విహారాన్ని తవ్వించాడు. ఎదురుగా ఉన్న బోడికొండ మీద జైన శిల్పాలున్నాయి. విమలాదిత్యుడి కాలపు జైనాచార్యుడి శాసనం రామతీర్థంలోని ఒక గుహలో ఉంది. 2020 డిసెంబరులో ఆ కొండ మీది రాముడి విగ్రహాన్ని దుండగులు పగలగొట్టినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. పత్రికల కెమెరాలన్నీ కొండెక్కాయి. విగ్రహం పగలగొట్టడం దుర్మార్గమే. అయితే అంత దూరం ఎక్కిన కెమెరాల్లో ఎన్ని ఆ కొండ జైనులదీ, పక్క కొండ బౌద్ధులదీ కూడా అన్న సంగతిని చూపించాయి? ముఖలింగంలో శివుడు ఇప్పచెట్టులో వెలిశాడనీ, ఆ చెట్టు సవరలదనీ స్థలపురాణమే చెబుతుంది. గుడి శిల్పాల ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. సవర కథ పూజారి నోట మిగిలింది.

మళ్లీ పెంకుల దగ్గరికి వస్తాను. తవ్విన ఏ చోటైనా మెరిసే పళ్లెం పెంకులు కొన్నే, ఎర్రటి మోటు పెంకులు తట్టలకొద్దీ. అన్నం వండిన కుండలు, నీళ్ల కడవలు, గింజలు దాచిన బానలు. నివేదికల్లో ఫొటోలు మాత్రం తలకిందులుగా, మెరిసేదానికి పెద్ద ఫొటో, మోటుదానికి గీసిన బొమ్మ, ఒక వరస నంబర్లు. ముసలామె గుర్తుపట్టినది ఆ రెండో రకాన్నే. అంచు మడిచిన తీరు, మెడ దగ్గర వేలితో నొక్కిన గాడి ఆమెకు తెలుసు, ఆమె ఇంట్లో దాక ఉంది గనక. నేను అప్పటినుంచి ఆ ఎర్ర పెంకులనే ఎక్కువ తీస్తున్నాను. పొద్దున ఆరున్నరకు, వెలుగు పక్కనుంచి పడేటట్టు, పక్కన అంగుళాల బద్ద పెట్టి, పైవైపు ఒకటి, అడుగువైపు కనిపించేలా పడి ఉన్నదాన్ని మరొకటి. కొన్నింటి అడుగున ఇంకా మసి ఉంది. వానకు కడిగినా పోని మసి, పెంకు గరుకులో ఇరుక్కుని నల్లగా ఉంది.